రావులందరూ ఒక్కరు కాదు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో స్టోర్సు విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాక గోల్‌బజార్, ఖరిదా, మలంచా వైపు కొట్లవాళ్ల లెక్కలు కంప్యూటర్లో సర్దిపెట్టే పనిలో పడ్డాను. బట్టల కొట్టు, మందుల షాపు, ఫ్రిజ్‌లూ కూలర్లూ అమ్మేవాళ్లు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్తాను. ఈమధ్య ఎక్కువగా వస్తున్న పని ఒకటే. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లో ఉన్న ఖాతాదారుల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు కొత్తదాంట్లోకి ఎక్కించాలి. కొత్త సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు దానికి వేరే రేటు చెబుతారు. అది వినగానే కుర్రవాళ్లు నాకు ఫోన్ చేస్తారు, "బాబాయ్, నిజంగా ఇంతవుతుందా?" అని.

అవ్వదు. మోతకూలి దాదాపు సున్నా. ఖర్చంతా ఆ లిస్టులో ఎవరు ఎవరో తేల్చడంలో ఉంది. ఆ పని అమ్మేవాడి వల్ల కాదు, అతనికి మన ఊరు తెలీదు కాబట్టి. తండ్రుల కొట్లను చేతికి తీసుకుంటున్న పిల్లల కోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

1. పాతది మూసేముందే లిస్టు తీసుకోండి

రెన్యువల్ గడువు దాటాక కొన్ని సాఫ్ట్‌వేర్లు డేటాను చూడనిస్తాయి గానీ బయటకు తీయనివ్వవు. ఒక కొట్లో ఇలాగే జరిగింది. మన లిస్టు మనకివ్వడానికి సర్వీసు చార్జీ కట్టమన్నారు. కాబట్టి కొత్తది కొంటున్నామని పాతవాళ్లకు చెప్పకముందే ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ఆ బటన్ ఎక్కడా కనబడకపోతే రిపోర్టుల మెనూలో వెతకండి. కస్టమర్ లిస్టును ప్రింట్ తీసే చోట చాలాసార్లు ఎక్సెల్‌కి పంపే దారి కూడా ఉంటుంది. ట్యాలీలో అయితే అరువు ఖాతాలన్నీ సండ్రీ డెటర్స్ గ్రూపు కింద ఉంటాయి, అక్కణ్ణుంచి ఎక్సెల్‌గానో ఎక్స్‌ఎంఎల్‌గానో తీసుకోవచ్చు. ఫోన్లోని కాంటాక్టులు వీసీఎఫ్ ఫైలుగా వస్తాయి, గూగుల్‌లో ఉన్నవి సీఎస్‌వీగా వస్తాయి. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు.

తీసిన ఫైలు పేరులో ఆ రోజు తేదీ పెట్టి పెన్‌డ్రైవ్‌లో దాచండి. దాన్ని మళ్లీ ముట్టుకోవద్దు, పనంతా కాపీ మీదే చేయండి. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు అమ్మేవాణ్ణి అడగవలసింది కూడా ఒకటుంది: "రేపు నేను నిన్ను వదిలేస్తే నా లిస్టు ఏ రూపంలో ఇస్తావు?" అతను నీళ్లు నమిలితే బేరం అక్కడే ఆపండి.

2. అందర్నీ మోయక్కర్లేదు

మనది రైల్వే ఊరు. నింపురా, మథురాకాటి, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో ఈరోజున్న కుటుంబం రిటైర్మెంట్ తర్వాత అక్కడ ఉండదు. కొందరు శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంతూళ్లకు వెళ్లిపోతారు. కొందరు తాల్‌బగీచాలోనో మలంచాలోనో ఇల్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోతారు. క్వార్టరు మాత్రం ఇంకొకరి పేరున అలాట్ అవుతుంది. పాత లిస్టులో ఒకే క్వార్టరు నంబరు మీద ఇద్దరు ముగ్గురు ఖాతాదారులు కనిపించడానికి కారణం ఇదే. సాఫ్ట్‌వేర్ వాళ్లందరినీ ఒకే కుటుంబం అనుకుంటుంది.

అందుకని ఎక్సెల్లో ముందు చివరి బిల్లు తేదీ ప్రకారం వరస పెట్టండి. మూడేళ్లుగా కొట్టుకు రానివాళ్లను వేరే ఫైల్లో పెట్టండి. చెరిపెయ్యమనడం లేదు, కొత్తదాంట్లోకి ఎక్కించొద్దంటున్నాను. ఒక్క మినహాయింపు ఉంది. ఆద్రా, చక్రధర్‌పూర్, రాంచీ డివిజన్లకు ట్రాన్స్‌ఫరైన వాళ్లను ఉంచండి. ఇల్లు ఇక్కడే ఉన్నవాళ్లు పండక్కి వస్తారు, వచ్చినప్పుడు పెద్ద కొనుగోళ్లు చేస్తారు. ఈ ఊళ్లో కొట్టు పెట్టినవాళ్లు ఎవరైనా ఆ మాట చెబుతారు.

లిస్టు పలచబడితే డబ్బూ మిగులుతుంది. ఖాతాదారుల సంఖ్యను బట్టి నెలవారీ చార్జీ వేసే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. వాడేవాళ్ల సంఖ్యను బట్టి వేసేవీ ఉన్నాయి. మన చెన్నై కంపెనీ జోహో సీఆర్‌ఎమ్ ముగ్గురు వాడుకునేదాకా ఉచితం. గోల్‌బజార్లో సగటు కొట్టుకు అంతకంటే ఏం కావాలి?

3. పేరును విరగ్గొట్టొద్దు

అసలు తలనొప్పంతా ఇక్కడే ఉంది. నన్నడిగితే ఈ పనిలో సగం సమయం పేర్లకే పోవాలి.

మనవాళ్లలో ఇంటిపేరు ముందొస్తుంది. బెంగాలీల్లో చివరొస్తుంది. తరాల కిందట శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరిన అప్పారావులు, అప్పలనాయుళ్లు, పైడిరాజులు, సింహాచలాలు ఆఫీసు కాగితాల్లోకి ఎక్కేసరికి చివర ఉన్న ముక్కే ఇంటిపేరైపోయింది. అలా ఈ ఊళ్లో 'రావు' అనేది ఒక పెద్ద వంశమైంది. బెంగాలీ సేల్స్ కుర్రాడు బిల్లు మీద "రావు బాబు" అని రాస్తాడు. హిందీ కుర్రాడు "రావ్ జీ" అంటాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్లు చూపిస్తుంది. ఒకసారి "కె" ఒక గడిలో, "అప్పారావు" ఇంకో గడిలో పడతాయి. మరోసారి "అప్పా" ఇటు, "రావు" అటు. ఇంకోసారి "అప్పారావు కె". ఇంగ్లిషులో 'రావు' స్పెల్లింగు కూడా మూడు రకాలుగా రాసేవాళ్లున్నారు. మనిషి ఒక్కడే, ఖాతాలు మాత్రం నాలుగు.

దీనికి సరిగ్గా ఎదురు సంగతి ఇంకొకటి. అప్పలరావు, ఆనందరావు, ఆదినారాయణరావు, అప్పారావు, నలుగురూ లిస్టులో "ఎ. రావు"లే. ఇక్కడ ఖాతా ఒకటి, మనుషులు నలుగురు. ఒకే పేరున్న ఎంట్రీలను ఏకం చేసే 'మెర్జ్ డూప్లికేట్స్' బటన్ చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. పేరును ఆధారం చేసుకుని ఆ బటన్ నొక్కారంటే మీ కొట్లో రావులందరూ ఒక్కడైపోతారు. ఒకడి వాషింగ్ మెషీన్ వారంటీ ఇంకొకడి మీదికి పోతుంది, ఒకడి అరువుకు ఇంకొకడికి ఫోన్ వెళ్తుంది. మన ఊళ్లో పేరును బట్టి ఎప్పుడూ మెర్జ్ చేయకండి. ఫోన్ నంబరు కలిస్తే అనుమానించండి, నంబరుతో పాటు చిరునామా కూడా కలిస్తే అప్పుడు ఏకం చేయండి. ఒక్క నంబరే సరిపోదు, ఇంటికి ఒకే ఫోనున్న రోజుల నాటి ఎంట్రీలు ఇంకా ఉన్నాయి కదా.

నేను పాటించే పద్ధతి ఇది. పేరును ముక్కలు చేయను. ఖాతాదారు నోటితో ఎలా చెబుతాడో అలా మొత్తం పేరును ఒకే గడిలో పెడతాను. జోహో లాంటి వాటిలో లాస్ట్ నేమ్ తప్పనిసరి, ఫస్ట్ నేమ్ ఖాళీగా వదిలినా ఊరుకుంటుంది. కాబట్టి మొత్తం పేరు లాస్ట్ నేమ్‌లోకే వెళ్తుంది. చూడ్డానికి వింతగా ఉన్నా ఏ గొడవా రాదు.

పాత ఖాతా పుస్తకాల్లో పేరు పక్కన రాసుకున్న గుర్తులను పారేయొద్దు. "గూడ్స్ గార్డు అప్పారావు", "నింపురా గుడి పక్క సింహాచలం", "పొడుగు పైడిరాజు" లాంటివి. మీ నాన్నగారి తరంలో వర్క్‌షాపు కార్మికుడి పేరు పక్కన వర్క్‌షాపు ఇచ్చిన టికెట్ నంబరు, అక్కడ ఏ షాపులో పనిచేస్తాడో కూడా రాసేవారు. పేర్లు ఎంత కలిసినా టికెట్ నంబరు కలిసేది కాదు, అరువు ఎవరిదో తేలిపోయేది. మనిషి రిటైరైతే ఆ నంబరు పనికిరాదు, నిజమే. అయినా వీటన్నిటికీ నోట్స్ అని ఒక నిలువు వరస పెట్టి ఎక్కించండి. రేపు ఇద్దరు అప్పారావులు ఎదురుగా నిలబడితే మీకు దారి చూపించేది ఆ గడే.

4. ఫోన్ నంబరు అంకెలే గాని లెక్క కాదు

స్టోర్సులో ఉన్నన్నాళ్లూ వ్యాగన్ నంబర్లతో నా బతుకు. గూడ్సు వ్యాగన్ మీద 11 అంకెలుంటాయి. మొదటి రెండూ వ్యాగన్ రకం, తర్వాతి రెండూ ఏ రైల్వేదో, ఆపైన రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరస సంఖ్య, చివరిది సరిచూసే అంకె. మధ్యలో ఏ ఒక్కటి తప్పు రాసినా చివరి అంకె లెక్క కుదరదు, తప్పు బయటపడుతుంది. జీఎస్‌టీ నంబరుదీ అదే ఏర్పాటు. 15 అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్, మన పశ్చిమ బెంగాల్‌కు 19, ఒడిశాకు 21, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పదీ పాన్ నంబరు. చివరి అక్షరం సరిచూడ్డానికి. మీరు కొట్లకు సరుకు వేసే హోల్‌సేల్ వ్యాపారులైతే మీ అదృష్టం, జీఎస్‌టీ నంబరునే ఖాతా గుర్తుగా పెట్టుకోండి, డూప్లికేట్ల గొడవ తీరుతుంది.

మొబైల్ నంబరుకు అలాంటి రక్ష లేదు. ఒక అంకె తప్పు పడితే అది ఇంకెవరిదో నంబరవుతుంది, అంతే. పైగా ఎక్సెల్ దాన్ని కూడికలకు పనికొచ్చే సంఖ్య అనుకుంటుంది. ముందు 91 ఉన్న 12 అంకెల నంబరును మామూలుగా తెరిచారనుకోండి, గడిలో 9.19435ఈ+11 అని కనిపిస్తుంది. అప్పటికింకా అసలు అంకెలు లోపల ఉంటాయి. ఆ స్థితిలో సీఎస్‌వీగా సేవ్ చేస్తే మాత్రం కనిపించిందే ఫైల్లోకి వెళ్తుంది. మళ్లీ తెరిస్తే 919435 పక్కన ఆరు సున్నాలు. ఒకే వరసలో మొదలయ్యే నంబర్లన్నీ ఆ దెబ్బకు ఒకటే అయిపోతాయి. దాని మీద మెర్జ్ నొక్కితే ఇక చెప్పేదేముంది!

చేయవలసింది చిన్న పనే. సీఎస్‌వీ ఫైలును రెండుసార్లు నొక్కి తెరవొద్దు. ఎక్సెల్లో డేటా మెనూలోని 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' నుంచి తెచ్చి, ఫోన్ వరసను 'టెక్స్ట్' అని మార్చండి. లిబ్రె ఆఫీస్ అయితే ఫైలు తెరిచేటప్పుడే అడుగుతుంది. అది ఉచితం కూడాను, ఈ పనికి నాకు అదే నచ్చుతుంది.

ఆ తర్వాత నంబర్లను మొదటి అంకె ప్రకారం వరస పెట్టి చూడండి, ఈ ఊరి చరిత్రంతా కనిపిస్తుంది. 6, 7, 8, 9తో మొదలయ్యే పది అంకెలు మొబైళ్లు. 3222తో మొదలయ్యేవి కూడా పది అంకెలే, కంప్యూటర్ కళ్లకు అవీ మొబైళ్లలాగే ఉంటాయి. అవి మన ఖరగ్‌పూర్ ల్యాండ్‌లైన్లు. ఎస్‌టీడీ కోడ్ 03222లో ముందున్న సున్నాను ఎక్సెల్ మింగేసింది, వెనక ఆరంకెలు కలిసి పదయ్యాయి. ఐదు అంకెలవి రైల్వే ఎక్స్‌చేంజి నంబర్లు, వాటికి మీ మొబైల్ నుంచి కాల్ వెళ్లదు. పదకొండు అంకెలై ముందు సున్నా, దాని పక్కన 6 నుంచి 9 దాకా ఏదైనా అంకె ఉంటే ల్యాండ్‌లైన్ నుంచి తిప్పే అలవాటుతో రాసుకున్న మొబైల్. ఆ సున్నా, 91, గీతలు, ఖాళీలు అన్నీ తీసేసి ముందు పది అంకెలకు తేవాలి. కొత్త సాఫ్ట్‌వేర్ ప్లస్ 91 కావాలంటే చివర్లో ఒకేసారి అన్నిటికీ అంటించవచ్చు.

నంబరు సరిగ్గా ఉన్నా మనిషి మారిపోయి ఉండవచ్చు. వాడకం ఆపేసిన మొబైల్ నంబరును 90 రోజుల తర్వాత కంపెనీలు ఇంకొకరికి ఇవ్వచ్చు. అందుకే రెండేళ్లుగా కొట్టుకు రాని నంబరుకు బాకీ మెసేజ్ పంపేముందు ఒకసారి మాట్లాడి చూసుకోండి.

5. అక్షరాలు చెడిపోలేదు, తప్పు చదువుతున్నారు

మనది తెలుగు, బెంగాలీ, హిందీ, ఒడియా కలిసిన ఊరు. ఒకే ఫోన్లో మూడు లిపుల్లో పేర్లుంటాయి. వీసీఎఫ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కొన్ని పేర్ల చోట =ఈ0=బీ0=బీ0 అంటూ బారులు కనిపిస్తాయి. డేటా పాడైందని బెంగపెట్టుకునేవాళ్లను చూశాను. పాడవలేదు. వీకార్డ్ 2.1 అన్న పాత పద్ధతిలో తెలుగక్షరాలు అలాగే ఉంటాయి. ఈ0 తర్వాత బీ0గాని బీ1గాని ఉంటే తెలుగు. ఏ6, ఏ7 ఉంటే బెంగాలీ. ఆ ఫైలును గూగుల్ కాంటాక్ట్స్‌లోకి ఎక్కించి, అక్కణ్ణుంచి సీఎస్‌వీగా దింపితే పేర్లు చక్కగా వచ్చేస్తాయి. ఒక ఖాతాలో 25,000 కాంటాక్టులు పడతాయి. సీఎస్‌వీ ఎక్కించేటప్పుడు మాత్రం ఒక విడతకు 3,000 దాటనివ్వదు, ముక్కలు చేసుకోండి.

ఎక్సెల్ నుంచి సేవ్ చేసేటప్పుడు ఉత్త సీఎస్‌వీ కాక 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' ఎంచుకోండి. లేకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలై కూర్చుంటాయి, వాటిని వెనక్కి తేవడం ఎవరి తరమూ కాదు. శుభలేఖలు అచ్చేసే ప్రెస్సుల్లో పాత అను ఫాంట్లతో కొట్టిన లిస్టులుంటాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి గానీ ఒత్తుల దగ్గర మనిషి కన్ను పడాల్సిందే.

6. ఒక్కసారి పనికి నెలనెలా కట్టొద్దు

జాపియర్, మేక్, మన దేశపు పబ్లీ కనెక్ట్ లాంటివి రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య కూర్చుని ఇక్కడ చేరిన పేరును అక్కడికి చేరవేస్తుంటాయి. మంచి సరుకే. వాటి చార్జీ మాత్రం ఎన్నిసార్లు చేరవేశాయన్నదాన్ని బట్టి ఉంటుంది. పాత లిస్టు మొత్తాన్ని వాటితో తోలిస్తే ఒక్క రోజులో నెల కోటా అయిపోతుంది. పాతదాన్ని సీఎస్‌వీతో ఒకసారి ఎక్కించెయ్యండి. ఆపైన రోజూ వచ్చే కొత్త పేర్లు రెండు చోట్లా ఉండి తీరాలంటేనే వీటి గురించి ఆలోచించండి. రోజుకు ఐదారుగురు కొత్త ఖాతాదారులు వచ్చే కొట్టుకు వారానికోసారి కుర్రాడు అరగంట కూర్చుని ఎక్కిస్తే చాలు. కంప్యూటర్ తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే ఇలాంటి పనే చేసే ఎన్8ఎన్‌ను సొంత కంప్యూటర్లోనే పెట్టుకుని లైసెన్సు ఖర్చు లేకుండా నడపవచ్చు. అది చెడినప్పుడు బాగుచేసేవాడు ఊళ్లో ఉంటాడా లేదా అన్నది ముందే చూసుకోండి. ఐఐటీలో చదివే మేనల్లుడు నాలుగేళ్లకు వెళ్లిపోతాడు.

లిస్టు శుభ్రం చేయడానికి ఓపెన్‌రిఫైన్ అన్నది ఉంది, అదీ ఉచితమే. ఒకేలా ఉన్న స్పెల్లింగులను గుంపులుగా చూపించి, కలపాలా వద్దా అని అడుగుతుంది. తనంతట తాను కలపదు. ఆ మర్యాద నాకు నచ్చింది.

7. బాకీలను పేర్లతో కలిపి మోయొద్దు

పేర్లు, నంబర్లు ఒక విడత. బాకీలు వేరే విడత, వేరే రోజు, మీ అకౌంటెంటు పక్కనుండగా. ట్యాలీప్రైమ్ 4.0 నుంచి ఎక్సెల్ ఫైలును నేరుగా లోపలికి తీసుకుంటుంది. ఆ సుఖానికి ఆశపడి రెండూ ఒకేసారి ఎక్కించి, ఏదో తేడా వచ్చి మళ్లీ ఎక్కిస్తే ఓపెనింగ్ బ్యాలెన్సులు తారుమారవుతాయి.

8. ముందు పదిమందిని పంపండి

తెలుగు పేరొకటి, బెంగాలీ పేరొకటి, ల్యాండ్‌లైనొకటి, చిరునామాలో కామాలున్నదొకటి, అసలు నంబరే లేనిదొకటి, ఇలా ఏరి పదిమందిని ఎక్కించి చూడండి. పుట్టినరోజుల తేదీలు అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు వెనక అయ్యాయేమో చూసుకోండి. గూగుల్ కాంటాక్ట్స్ ప్రతి ఇంపోర్టుకూ ఆ తేదీతో ఒక లేబుల్ వేస్తుంది. తేడా వస్తే ఆ లేబుల్ కింద ఉన్నవాటినే చెరపవచ్చు, 30 రోజుల్లోపు పాత స్థితికి వెనక్కి కూడా తిప్పవచ్చు. మీ సాఫ్ట్‌వేర్లో ఇలా వెనక్కి తిప్పే ఏర్పాటు ఉందో లేదో ఆ పదిమందితోనే తేల్చుకోండి.

9. నంబరు ఇచ్చింది బిల్లు కోసం

వారంటీ కోసం ఇచ్చిన నంబరుకు చీటీల ప్రచారం పంపితే మనిషికి కోపం వస్తుంది. ఇప్పుడు చట్టం కూడా ఉంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఎందుకు తీసుకున్నారో అందుకే వాడాలి, వద్దంటే తీసెయ్యాలి అన్నది దాని సారాంశం. ఇంకా ముందునుంచే, వ్యాపార ఎస్ఎంఎస్‌లు గుంపుగా పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో నమోదు ఉండాలి. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే గానీ, మీ నంబరును తమ ఫోన్లో దాచుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ చేరుతుంది. ఆ ఏర్పాటు నాకు న్యాయంగానే తోస్తుంది.

కొత్త లిస్టులో 'మెసేజ్ సరేనా' అని ఒక వరస పెట్టి, వచ్చిన ఖాతాదారుని బిల్లు వేసేటప్పుడే అడిగి నింపండి. ఇంకో మాట. లిస్టును బాగుచేయమని వాట్సాప్‌లో ఎవరికో పంపేస్తుంటారు, ఉచితంగా మారుస్తామనే ఏవేవో సైట్లలోకి ఎక్కిస్తుంటారు. ఊళ్లో సగంమంది నంబర్లు అలా ఊరు దాటిపోతాయి. పని కొట్లోని కంప్యూటర్లోనే జరగాలి.

10. పక్కన ఎవరు కూర్చోవాలి

కంప్యూటర్ ముందు కుర్రాడు, అతని పక్కన గల్లాపెట్టె దగ్గర ఏళ్లుగా కూర్చున్న మనిషి. తండ్రి కావచ్చు, తల్లి కావచ్చు, పాత గుమస్తా కావచ్చు. కుర్రాడు పేరు చదువుతాడు, పెద్దవాళ్లు చెబుతారు: "వాళ్లు పలాస వెళ్లిపోయారు", "ఆయన పోయాడు, ఇప్పుడు కోడలు వస్తోంది, ఆవిడ నంబరు రాయి", "వీడూ వాడూ అన్నదమ్ములు, కలపకు". ఒక బట్టల కొట్లో అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చుని, బెంగాలీ కోడలు చదువుతుంటే రావులను ఒక్కొక్కణ్ణీ వాళ్ల అమ్మ పేరుతో సహా విడదీసింది. ఏ కంపెనీ ఏ రేటుకూ ఆ పని చేసిపెట్టలేదు. మధ్యాహ్నం గిరాకీ పలచగా ఉన్న వేళ రోజూ కొంచెం కొంచెంగా చేసుకుంటే ఎవరికీ బరువనిపించదు.

అంతా ఎక్కించాక పాత కంప్యూటర్‌ను వెంటనే అమ్మెయ్యకండి. రైల్వే జీతాలు పడే నెలాఖరుకు అరువులు తీర్చడానికి అందరూ ఒక్కసారిగా వస్తారు, లిస్టులో తేడాలేమైనా ఉంటే అప్పుడే బయటపడతాయి. అలాంటి నెలాఖరులు రెండు గడిచేదాకా పాతదాన్ని పక్క బల్ల మీద ప్లగ్గులోనే ఉంచండి.